బసవన్నకు హెడ్‌ఫోన్స్: సీమ స్ట్రీట్‌వేర్‌లో వారసత్వం ఎక్కడుంది?

మొన్నొక సాయంత్రం అనంతపురం టవర్ క్లాక్ దగ్గర టీ తాగుతుంటే, ముందు నిలబడ్డ అబ్బాయి వీపు మీద లేపాక్షి బసవన్న కనిపించాడు. నల్లటి ఓవర్‌సైజ్ టీషర్ట్, భుజం కుట్టు సగం చేతి దాకా జారింది. బసవన్న మెడలో గంటల దండ అలాగే ఉంది, చెవులకు మాత్రం పెద్ద హెడ్‌ఫోన్స్ తగిలించారు. కింద తెలుగులో ‘సీమ’ అని ఒక్క మాట. నాకు బాగా నచ్చింది. ఎక్కడ కొన్నావు నాయనా అని అడిగితే, “ఆన్‌లైన్‌లో అన్నా” అన్నాడు. చేసిందెవరో తెలుసా అంటే కాలర్ వెనక లేబుల్ తిప్పి చూపించాడు. సైజు, ఎలా ఉతకాలో రాసిన రెండు గుర్తులు, అంతే.

ఆ రోజు నుంచి ఈ సంగతి నన్ను వదల్లేదు. వీధి కుర్రకారు వేసుకునే ఇలాంటి వదులు బట్టలకే స్ట్రీట్‌వేర్ అని పేరు. సంప్రదాయాన్నీ పాటనూ కలిపి ఈ బట్టలు చేస్తామనే చిన్న చిన్న బ్రాండ్లు ఇప్పుడు దేశమంతా పుట్టుకొస్తున్నాయి. మన పిల్లలు కొంటున్నారు, కొందరు తామే మొదలుపెడదామని చూస్తున్నారు. ఇది మంచిదేనని నా నమ్మకం. కానీ ఆ టీషర్ట్‌లో మనది ఎంత? బొమ్మ లేపాక్షిది. బట్ట బహుశా తమిళనాడులోని తిరుప్పూర్‌ది. వదులుగా వేలాడే ఆ కట్ న్యూయార్క్ వీధులది. హెడ్‌ఫోన్స్‌లో ఏ పాట వస్తోందో బసవన్నకే తెలియాలి. ఈ నాలుగూ నాలుగు వేరు కథలు. వాటిని విడదీసి చూస్తేనే అసలు విషయం తెలుస్తుంది.

పాట వెనక వచ్చిన బట్ట

ఆ వదులు కట్ హిప్‌హాప్ వెంట, అంటే ర్యాప్ పాటల సంస్కృతి వెంట వచ్చింది. హిప్‌హాప్ పుట్టుకకు అందరూ చెప్పే తేదీ 1973 ఆగస్టు 11. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, ఒక అపార్ట్‌మెంట్ కింద ఉన్న హాల్లో డీజే కూల్ హెర్క్ తన చెల్లెలి పార్టీకి పాటలు వేశాడు. జనం బాగా ఊగే చోటు ఎక్కడుందో, అంటే పాటలో డ్రమ్ములు మాత్రమే మిగిలే ఆ కాస్త భాగాన్ని, రెండు రికార్డుల మీద మార్చి మార్చి సాగదీశాడు. అక్కడికి వచ్చిన పిల్లలు పేదవాళ్లు, ఎక్కువ మంది నల్లజాతివాళ్లు, కరీబియన్ నుంచి, ప్యూర్టోరికో నుంచి వచ్చిన కుటుంబాలవాళ్లు. వాళ్లు వేసుకున్న ట్రాక్‌ప్యాంట్లు, టోపీలు, బూట్లే తర్వాత ‘స్టైల్’ అయ్యాయి. ముందు పాట వచ్చింది, ఆ పాట వాళ్లను చూసి బట్ట వచ్చింది. 1986లో రన్ డీఎంసీ అనే ర్యాప్ బృందం తాము రోజూ తొడుక్కునే అడిడాస్ బూట్ల మీద పాట కట్టింది. కచేరీలో వేల మంది తమ బూట్లు తీసి పైకెత్తి చూపించారు. ఆ తర్వాతే కంపెనీ వాళ్లతో ఒప్పందం చేసుకుంది.

న్యూయార్క్‌లోనే, హార్లెంలో డాపర్ డాన్ అనే దర్జీ కథ ఇంకా ముఖ్యం. 1982లో దుకాణం పెట్టాడు. ఖరీదైన యూరప్ బ్రాండ్ల లోగోలను తోలు మీద తానే ముద్రించి, రాపర్లకూ బాక్సర్లకూ జాకెట్లు కుట్టి ఇచ్చేవాడు. ఆ బ్రాండ్లు కేసులు వేశాయి, దాడులు చేయించాయి, 1992లో దుకాణం మూతపడింది. 2017లో గూచీ ఒక జాకెట్‌ను ప్రదర్శనకు పెట్టింది. అది అచ్చం డాపర్ డాన్ ఎనభైల్లో కుట్టిన జాకెట్టే. జనం గట్టిగా అడిగాక గూచీ ఆయనతో చేతులు కలిపింది. హార్లెం దర్జీ పెద్ద కంపెనీ లోగో తీసుకుంటే దొంగతనమన్నారు. పెద్ద కంపెనీ హార్లెం దర్జీ జాకెట్ తీసుకుంటే దానికి ‘గౌరవం’ అని పేరు పెట్టారు. మన నిమ్మలకుంట తోలుబొమ్మల గురించి, మన ధర్మవరం పట్టు నేత గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

దుకాణం మూతపడిన ఆ 1992లోనే అదే ఊళ్లో క్వీన్స్‌కు చెందిన కుర్రవాళ్లు ‘ఫుబు’ అనే బ్రాండ్ పెట్టారు. ఆ పేరుకు అర్థం ‘మన కోసం, మనమే చేసుకున్నది’. స్ట్రీట్‌వేర్ మొత్తాన్ని ఒక్క మాటలో చెప్పమంటే నేను ఇదే చెప్తాను. అయితే ఆ ‘మనం’ ఎవరు అన్నది తేల్చుకోవాలి.

ఒకే టీషర్ట్, వేర్వేరు బొమ్మలు

చిన్న ఊళ్లో కూడా బ్రాండ్ పెట్టడం ఎలా సాధ్యమైందో చెప్పాలంటే టీషర్ట్ లెక్క తెలియాలి. బొమ్మ లేని ఖాళీ టీషర్ట్‌లు దొరుకుతాయి, ఎక్కువగా తిరుప్పూర్ నుంచి. బట్ట మందాన్ని జీఎస్ఎంలో కొలుస్తారు. చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. మామూలు టీషర్ట్ 160, 180 ఉంటుంది, స్ట్రీట్‌వేర్ అనిపించుకోవాలంటే 220, 240 కావాలి. ఆ బరువు వల్లే ఒంటికి అంటుకోకుండా పెట్టెలా నిలబడుతుంది.

స్క్రీన్ ప్రింట్‌లో ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ చేయాలి. నాలుగు రంగుల బొమ్మను ముప్పై చొక్కాల మీద వేయాలంటే గిట్టదు. అందుకే ఇప్పుడు ఎక్కువ మంది డీటీఎఫ్‌కు పోతున్నారు. బొమ్మను పలచని ఫిల్మ్ మీద ముద్రించి, జిగురు పొడి చల్లి, వేడి ప్రెస్ కింద పెట్టి బట్టకు అంటిస్తారు. ఒక్క పీసు కూడా చేయొచ్చు. అమ్మడానికి దుకాణం అక్కర్లేదు. ఫలానా రోజు ఫలానా గంటకు యాభై పీసులు వదులుతాం అని ఇన్‌స్టాలో చెప్తే చాలు. దీన్నే డ్రాప్ అంటారు. 1994లో న్యూయార్క్‌లో మొదలైన సుప్రీమ్ లాంటి బ్రాండ్లు ఈ పద్ధతిని ప్రపంచానికి అలవాటు చేశాయి. సరుకు తక్కువ, ఆత్రం ఎక్కువ. పెట్టుబడి లేనివాడికి ఇది వరమే.

దీని ఫలితం ఏమిటంటే, అందరి టీషర్టూ ఒకటే అయిపోయింది. తేడా చూపించడానికి బొమ్మా, దాని వెనక కథా మాత్రమే మిగిలాయి. వారసత్వం మీద ఇంత ప్రేమ ఒక్కసారిగా పుట్టుకురావడానికి అభిమానం ఒక కారణం, ఈ లెక్క రెండో కారణం. రెండూ నిజమే.

లేపాక్షి కప్పు మీది ఫ్యాషన్

మరి వారసత్వం అంటే ఏమిటి? లేపాక్షి వీరభద్రస్వామి గుడికి వెళ్లినవాళ్లు వేలాడే స్తంభం కింద టవల్ దూర్చి చూసి వచ్చేస్తారు. ఈసారి వెళ్తే మెడ నొప్పి పుట్టినా సరే, కాసేపు పైకప్పు చూడండి. పదహారో శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన గుడి అది. పైకప్పు చిత్రాల్లో ఆడవాళ్ల చీరల మీద చారలు, గళ్లు, పూలు, ఏ రెండూ ఒకేలా ఉండవు. మగవాళ్ల తలల మీద పొడుగాటి కోసు టోపీలుంటాయి. వాటిని కుల్లాయిలు అంటారు.

కుల్లాయి మన మాట అనుకుంటాం. పారశీకంలోని ‘కులాహ్’ నుంచి వచ్చింది. దొరలు తొడిగిన పొడుగు అంగీ కబాయి కూడా అరబ్బీ ‘ఖబా’ నుంచి వచ్చిందే. సుల్తానుల దర్బారుల్లో, విదేశీ వర్తకుల ఒంటి మీద చూసిన కొత్త ఫ్యాషన్‌ను విజయనగరం పెద్దలు తమదిగా చేసుకున్నారు. శ్రీనాథుడిదని చెప్పుకునే ఒక చాటువులో, కన్నడ రాజు దర్బారుకు పోవడానికి ఆ కవి కుల్లాయి పెట్టుకుని తంటాలు పడతాడు. ఆ కొత్త వేషం ఆయనకు నచ్చలేదు. వందేళ్లు గడిచేసరికి అదే వేషం గుడి కప్పెక్కింది.

ఇంకా ముందుకు పోదాం. అనంతపురం జిల్లా నార్పల మండలం గూగూడులో మొహర్రం అప్పుడు కుల్లాయిస్వామి దర్శనానికి లక్షల్లో జనం వస్తారు, హిందువులే ఎక్కువ. ఆ స్వామి పేరులోనూ ఉన్నది ఆ టోపీయే. మా జిల్లాలో ప్రతి ఊళ్లోనూ ఒక కుల్లాయప్ప ఉంటాడు. పరదేశం నుంచి వచ్చిన టోపీ ఇక్కడ దేవుడి పేరై, మనిషి పేరై స్థిరపడింది. అందుకే హుడీ వేసుకుని బసవన్న బొమ్మ పెట్టుకున్న అబ్బాయిని చూసి సంప్రదాయం పాడైపోతోందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. లేపాక్షి కప్పు మీది మనుషులు చేసింది సరిగ్గా ఆ పనే.

‘రాయలసీమ’ అనే మాటే 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు పెట్టిన పేరు. అంతకు ముందు మనం దత్తమండలం, అంటే నిజాం ఇంగ్లీషువాళ్లకు దత్తం చేసిన నేల. టీషర్ట్ మీద ‘సీమ’ అని రాసుకున్నప్పుడు ఆ అబ్బాయి వీపు మీద ఉన్నది ఇంకా వందేళ్లు నిండని ఒక ఆత్మగౌరవం. అదే మాట పక్కన వేటకొడవలి, నాటుబాంబు వేసి అమ్మేవాళ్లున్నారు. అవి చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. ఆ కొడవళ్ల వల్ల తాళి తెగిన ఇళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి. దాన్ని డిజైన్ అనకండి.

అల్లిక వేరు, నేత వేరు

ఇక్కడ చాలామందికి తెలియని ఒక చిక్కుంది. టీషర్ట్ బట్ట నేసింది కాదు, అల్లింది. గుండ్రంగా తిరిగే మెషీన్ మీద ఒకే దారాన్ని ఉచ్చులు ఉచ్చులుగా వేస్తే సాగే బట్ట వస్తుంది. మగ్గం మీద పడుగూ పేకా కలిస్తే వచ్చేది నేత, అది సాగదు. మన ధర్మవరం మగ్గం మీదగానీ, ఎమ్మిగనూరు మగ్గం మీదగానీ టీషర్ట్ బట్ట పుట్టదు. ‘చేనేత టీషర్ట్’ అని ఎవరైనా అమ్మితే ముందు ఈ ప్రశ్న అడగండి.

కాబట్టి నేతన్నకు నిజంగా పని దొరకాలంటే బ్రాండ్ టీషర్ట్ దాటి రావాలి. పైన వేసుకునే వదులు చొక్కా, బాంబర్ జాకెట్, బకెట్ టోపీ, సంచి, ఇవి నేత బట్టతో అవుతాయి. కచ్ బాంధనీ కళాకారులతో కలిసి నార్‌బ్లాక్ నార్‌వైట్ లాంటి బ్రాండ్ చేసి చూపించింది ఇలాంటి పనే. ముడులు కట్టి రంగు వేసే ఆ కళను వీధి బట్టల్లోకి తెచ్చారు, బొమ్మ తీసి ముద్రించి ఊరుకోలేదు.

ధర్మవరంలో అది అంత సులువు కాదు. అక్కడ మగ్గం చీర కోసం పుట్టింది. అంచు, కొంగు, ఒళ్లు, అన్నీ చీర కొలతకే ఉంటాయి. కొత్త డిజైన్ కావాలంటే గ్రాఫ్ గీయించాలి, మగ్గానికి ఆ డిజైన్ చెప్పే జకార్డు అట్టలు కొట్టించాలి. ఒక వార్పు, అంటే పడుగు, ఎక్కిస్తే వరసగా కొన్ని చీరలు నేయాల్సిందే, నాలుగు మీటర్లు నేసి దింపేద్దామంటే కుదరదు. యాభై పీసుల డ్రాప్ వేసే బ్రాండ్ లెక్కకూ, మగ్గం లెక్కకూ అసలు పొసగనిది ఇక్కడే. ప్రేమ ఉన్నవాళ్లు కూడా చివరికి చీర ఫొటో తీసి ప్రింట్ వేయించుకోవడానికి ఇదే కారణం. దారి లేకపోలేదు. చిన్న లోపంతో పక్కన పెట్టిన చీరలు, అమ్ముడుపోని పాత డిజైన్లు ఊరి నిండా ఉంటాయి. జాకెట్ వీపుకో, జేబుకో, కాలర్ లోపలికో అవి చాలు. కానీ నేసిన మనిషి ముందు చీరను కత్తిరించకండి. ఒకసారి చూశాను, కత్తెర పడగానే ఆ పెద్దాయన తల పక్కకు తిప్పుకున్నాడు.

చట్టం కాపాడుతుంది కదా అంటారు. ధర్మవరం పట్టు చీరలకూ పావడాలకూ, మన తోలుబొమ్మలకూ భౌగోళిక గుర్తింపు ఉంది. కానీ అది కాపాడేది పేరును. ధర్మవరంలో నేయని చీరను ధర్మవరం చీర అని అమ్మకూడదు, అంతవరకే. తోలుబొమ్మ ఫొటోను టీషర్ట్ మీద వేస్తే ఆ చట్టానికి సంబంధం లేదు. డిజైన్ల చట్టం కొత్త డిజైన్‌నే కాపాడుతుంది, తాతల నాటి నెమలికి, హంసకు అందులో చోటు లేదు. అంటే వారసత్వ బొమ్మలు ఎవరైనా వాడుకోవచ్చు. వాడుకున్నవాళ్లు ఎవరికి ఎంత ఇవ్వాలన్నది పూర్తిగా వాళ్ల మనస్సాక్షికే వదిలేసి ఉంది.

దీపం ముందు టీషర్ట్

నిమ్మలకుంట సంగతి దగ్గర కొంచెం ఆగాలి. ధర్మవరం పక్కనే ఉన్న ఈ ఊరు తోలుబొమ్మలకు పుట్టిల్లు. ఇక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. 2022లో జిల్లాలు విడిపోయాక ఇది శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయింది, లేపాక్షీ అంతే. మాకు మాత్రం ఇంకా అనంతపురమే.

మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగదీసి ఎండబెడితే దీపం వెలుగు అవతలికి కనిపించేంత పలచన అవుతుంది. దాని మీద గీతలు గీస్తారు, రెండు వైపులా రంగులు వేస్తారు. చిన్న చిన్న ఉలులతో చిల్లులు కొడతారు. సీత మెడలో హారం, రావణుడి కిరీటంలో రాళ్లు, చీర అంచు, అన్నీ ఆ చిల్లులే. పగలు చూస్తే అవి వట్టి కన్నాలు. తెర వెనక దీపం పెడితే ముత్యాలవుతాయి.

ఆ మధ్య ఆ ఊరికి వెళ్లినప్పుడు తోలుబొమ్మ ప్రింట్ ఉన్న టీషర్ట్ ఒకటి తీసుకెళ్లి ఒక కళాకారుడికి చూపించాను. చేతుల్లోకి తీసుకుని, అలవాటు కొద్దీ బల్బుకు అడ్డంపెట్టి చూశాడు. వెలుగు రాలేదు. చిల్లులుండాల్సిన చోట తెల్ల చుక్కలు ముద్రించి ఉన్నాయి. “బాగనే ఉండాది సామీ, కాని బొమ్మకు ఊపిరి ల్యా” అన్నాడు.

ఆయన చెప్పింది బ్రాండ్ పెట్టేవాళ్లకు మంచి సలహా కూడా. తోలుబొమ్మలో అసలు విద్య చిల్లులోనూ, వెలుగులోనూ ఉంది. దాన్ని బట్టలోకి తేవాలంటే జాకెట్ వీపున నిజంగానే చిల్లులు కొట్టి లోపల వేరే రంగు లైనింగ్ వేయొచ్చు. సంచికి తోలు ముక్క వాళ్ల చేతే చేయించి కుట్టొచ్చు. అప్పుడు పని ఆ ఊరికి పోతుంది, డబ్బులూ పోతాయి.

ఉరుము శబ్దం, డప్పు బొమ్మ

పాట దగ్గరికి వస్తే మన స్ట్రీట్‌వేర్ ఇంకా నోరు విప్పలేదు. హెడ్‌ఫోన్స్ బొమ్మ వేసినంత మాత్రాన సంగీతం రాదు. మా జిల్లా జాతరల్లో ఉరుముల వాయిద్యం విన్నవాళ్లకు తెలుస్తుంది. ఉరుము అనే ఈ డోలుకు ఒక వైపు వంకర పుల్లతో తోలును రుద్దుతారు. శబ్దం కింద నుంచి మూలుగుతూ పైకి లేస్తుంది, గుండె కింద తగులుతుంది. ఇప్పటి ర్యాప్ పాటల్లో 1980 నాటి రోలాండ్ 808 డ్రమ్ మెషీన్ నుంచి వచ్చిన బేస్ శబ్దం జారుతుంటుందే, దానికి ఇది పెద్దక్క. మన పిల్లల్లో ఎవరైనా ఈ శబ్దం మీద పాట కడితే, ఆ పాట వెనక బట్ట దానంతట అదే వస్తుంది.

వేషం కూడా సిద్ధంగా ఉంది. కర్నూలు వైపు శివుణ్ణి కొలుస్తూ ఆడే గొరవయ్యలను చూడండి. ఎలుగుబంటి వెంట్రుకల టోపీ, ఒంటి మీద నల్ల కంబళి, ఒక చేతిలో డమరుకం, ఒక చేతిలో పిల్లనగ్రోవి. దేవరగట్టు మాళమల్లేశ్వరుడి దగ్గర వాళ్లు గుండ్రంగా తిరుగుతూ ఆడుతుంటే ఆ కంబళి గాలికి లేచి పడే తీరు ఏ ర్యాంప్ మీదా చూడలేదు నేను. ముతక గొర్రె ఉన్ని కంబళి నేసే కురుబల ఇళ్లు మన జిల్లాల్లో ఉన్నాయి. చలికాలం జాకెట్‌కు అంతకన్నా ఏం కావాలి?

డప్పు విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. డప్పు బొమ్మ వేసిన టీషర్ట్‌లు చూశాను, అందంగా ఉన్నాయి. కానీ డప్పు కొట్టడం కొన్ని కుటుంబాల మీద కులం పేరుతో మోపిన చాకిరీ. చావుకు కొట్టాలి, దండోరా వేయాలి, ఊరి బయట నిలబడాలి. ఆ ఇళ్ల పిల్లలే తర్వాత ఆ డప్పును ఊరేగింపుల ముందు నిలబెట్టి ధిక్కారంగా కొట్టారు. చెన్నైలో 2018 జనవరిలో తొలి కచేరీ చేసిన ‘ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’ బృందం చావు ఇంటి గానా పాటను, ర్యాప్‌ను, రాక్‌ను కలిపి పాడింది. అందరూ సూట్లు వేసుకుని వేదికెక్కారు. అంబేడ్కర్ సూట్ అంటే ఏమిటో తెలిసినవాళ్లకు ఆ బట్టలు కూడా పాటే. బ్రాంక్స్‌లో జరిగింది ఇదే. బాధపడినవాళ్లే పాడారు, వాళ్లే బట్ట తేల్చుకున్నారు. సిర్ర, సిటికెన పుల్ల అనే డప్పు పుల్లలు పట్టి ఎరగని ఇంటి పిల్లాడు డప్పు బొమ్మతో బ్రాండ్ పెట్టి, డప్పు కొట్టే ఇంటికి ఒక్క రూపాయి పోకపోతే, అది డాపర్ డాన్ జాకెట్ కథే.

రాయదుర్గంలో లేబుల్

స్ట్రీట్‌వేర్‌లో సగం జీన్స్. ఆ జీన్స్ కుట్టే ఊరు మన జిల్లాలోనే ఉంది. రాయదుర్గంలో ఇంటింటా కుట్టు మిషన్ల చప్పుడు. సరిహద్దు అవతలి బళ్లారి జీన్స్‌కు పేరెక్కువ గానీ, ఈ రెండు ఊళ్ల పని ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటుంది. కత్తిరించిన బట్ట కట్టలుగా వస్తుంది. ఒకరు జేబులు, ఒకరు జిప్పు, ఒకరు బెల్టు, ఒకరు కాజాలు. పీసుకు ఇంత అని కూలి. అక్కడ ఒక అక్క ఇంట్లో కూర్చున్నాను. ఆమె వేలు చివర నీలి రంగు ఉతికినా పోదు. నడుము పట్టీకి తోలు లేబుల్ కుడుతోంది, ఇంగ్లీషులో ఏదో పేరు. “అదేం కంపెనీ అక్కా?” అని అడిగితే, “ఏమో నాయనా, వారానికొక పేరు ఇస్తారు” అంది.

వారసత్వం అంటే గుడి, నెమలి, బసవన్న అనుకుంటాం. ఆ వేలి మీది నీలిరంగును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ‘మన కోసం, మనమే చేసుకున్నది’ అన్న మాట న్యూయార్క్‌లో పుట్టడానికి 54 ఏళ్ల ముందే, 1938లో, ఇప్పటి కర్నూలు జిల్లా ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప గారు నేతగాళ్ల సహకార సంఘం పెట్టారు. కరువు నేల మీద, నేతగాళ్ల కోసమే పెట్టిన సంఘం అది. మన పిల్లలు ఆదర్శం కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు.

ఈ సంగతులే మాట్లాడదామని మా ఊరి ఇంజినీరింగ్ పిల్లలు నలుగురు వచ్చారు. బ్రాండ్ పెట్టాలని వాళ్ల కోరిక. మొదటి డ్రాప్ జాకెట్లు. డెనిమ్ రాయదుర్గంలో కుట్టించాలి, జేబు లోపల ధర్మవరం పట్టు ముక్క వేయాలి, లేబుల్ మీద కుట్టినవాళ్ల పేరు, నేసినవాళ్ల పేరు ఉండాలి. పేరు వేస్తామంటే నేతన్న ఎంత పొంగిపోతాడో అని వాళ్ల ఉత్సాహం. ధర్మవరంలో ఒక నేతన్న దగ్గరికి నేనూ వెంట వెళ్లాను. ఆ పెద్దాయన మగ్గం గుంటలో కూర్చునే అంతా విన్నాడు, తల ఊపాడు.

“పేరు ఏసుకోండి నాయనా, దానికేముంది. అడ్వాన్సు ఎంతిస్తారో అది చెప్పండి ముందు.”

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఫోన్లు తీసి లెక్కలు మొదలుపెట్టారు. మొదటి డ్రాప్ కోసం దాచుకున్న డబ్బులో సగం ఆయన చేతిలో పెట్టడానికి వాళ్లకు ఇంకో వారం పట్టింది.